గ్రూనర్ వెల్ట్‌లీనరూ, రోడ్డు మీది పచ్చి పులుసూ

ఈమధ్య ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ పిల్లలు నన్ను మాట్లాడటానికి పిలిచారు. హైటెక్ సిటీలో పెద్ద హోటల్లో చాలాకాలం రెస్టారెంటు మేనేజరుగా చేశారు, అక్కడ వైన్ల బాధ్యతంతా ఈవిడదే అని పరిచయం చేయగానే ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడం, మీకు బాగా నచ్చిన వైన్ ఏది?" అని అడిగింది. గ్రూనర్ వెల్ట్‌లీనర్ అన్నాను. తెల్లద్రాక్షలో అదో రకం, దాంతో చేసిన వైనుకీ అదే పేరు. "ఎలా ఉంటుంది మేడం?" అంది. నోట్లో ఉన్నంతసేపు బాగుంటుంది, మింగితే ఎలా ఉంటుందో తెలియదు, నేనెప్పుడూ మింగలేదు అన్నాను. హాలంతా నవ్వింది. ముసలావిడ జోకు వేసిందనుకున్నారు. జోకు కాదు, నిజం. ఆ రోజు టైము చాలక చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోడ్డు మీద ఎవరు కూర్చుంటారో పొద్దున టీవీ పెడితేగానీ తెలిసేది కాదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చే కంపెనీలవాళ్ళు రావడం తగ్గించారు. మా రెస్టారెంటులో వడ్డించేవాళ్ళు ఎక్కువ, తినేవాళ్ళు తక్కువ. దాన్ని మూసేసి ఆ హాలుని ఏదైనా ఆఫీసుకి కిరాయికి ఇస్తే ఎలా ఉంటుందని పైవాళ్ళు మాట్లాడుకుంటున్నారని మాకు తెలుసు. అదే జరిగితే సగం మందిమి ఇంటికి, మిగతావాళ్ళు వేరే రాష్ట్రాల హోటళ్ళకి. మా వైన్లు చూసుకునే మేనేజరు గోవా మనిషి. ఒకరోజు రోడ్డు మీద టైరు కాలుతుంటే చూశాడు. సెలవు పెట్టి ఊరెళ్ళి, అక్కడి నుంచే రాజీనామా పంపాడు.

అప్పుడు మా జనరల్ మేనేజరు నన్ను పిలిచారు. ఆయన ఉత్తరాది మనిషి, మాట్లాడేది ఇంగ్లీషు. నేను తెలుగులో చెప్తాను.

"మీరు క్రిస్టియన్స్ కదా?"

"అవును సార్."

"మీ చర్చిలో వైన్ ఇస్తారు కదా?"

"ఇస్తారు సార్, కానీ..."

"అయితే ఇకనుంచి వైన్ల సంగతి మీరే చూసుకోండి," అన్నారు. నా 'కానీ' అక్కడే ఉండిపోయింది.

ఆ 'కానీ' తర్వాత ఉన్నది ఇదీ. బాలానగర్‌లో మా సంఘంలో ప్రభువు బల్ల రోజున ఇచ్చేది వైను కాదు, ద్రాక్షరసం. దాన్ని కాచేది మా అత్తగారు. నల్లద్రాక్ష మార్కెట్లోకి రాగానే తెప్పించి, కడిగి, పంచదార వేసి కాచి, పాత ధోవతి గుడ్డలో వడకట్టి సీసాలకి పోసేది. అది కాస్త పులిసిన వాసన వచ్చినా సీసా మొత్తం మొక్కలకి పోయించేది. ఆవిడ కొడుకు, అంటే మా ఆయన, స్కూల్లో లెక్కల మాస్టారు, సంఘంలో పెద్ద. మందు వాసన వచ్చే పెళ్ళికి అక్షింతలు వేసి భోజనం చేయకుండా వచ్చేసే మనిషి. అలాంటి ఇంట్లోంచి వచ్చి వైన్లకి అధికారినయ్యాను.

ఆ వారమే అసలు పని వచ్చిపడింది. దగ్గర్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆస్ట్రియా దేశం నుంచి పెద్ద క్లయింటు వస్తున్నాడు. ఆయన కుటుంబానికి సొంత ద్రాక్షతోట ఉందట, అందులో పండేది ఈ గ్రూనర్ వెల్ట్‌లీనరేనట. ఆయనకి మా రెస్టారెంటులో, ఆ వైనుతోనే మధ్యాహ్న భోజనం పెట్టి ఆశ్చర్యపరచాలని కంపెనీవాళ్ళ ఆలోచన. భోజనం బాగా జరిగితే ఏడాది పొడుగునా వాళ్ళ విందులన్నీ మాకే. లేకపోతే హాలు కిరాయికి.

సీసాలు వచ్చాయి. నాకు తోడు మా బార్ కెప్టెన్. పుప్పాలగూడ మనిషి. పుప్పాలగూడ ఇంకా ఊరుగా ఉన్నప్పటి నుంచీ వాళ్ళక్కడే. డ్యూటీలో నల్లకోటు, డ్యూటీ దిగగానే మెడలో కండువా వేసుకుని ధర్నాకి. మాకిద్దరికీ పడేది, వాదనా అయ్యేది. ఒకసారి క్యాంటీన్లో మాటల మధ్య "మీ ఆంధ్రోళ్ళు" అన్నాడు. మా నాన్న బాలానగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా వచ్చినప్పుడు నేను అమ్మ చంకలో ఉన్నాను, నాకు ఈ ఊరు తప్ప వేరే ఊరు తెలియదు అన్నాను. 

"మీ ఇంట్ల పప్పుచారుల బెల్లం ఏస్తరా మేడం?"

"వేస్తాం."

"గట్లయితే ఆంధ్రనే," అని తీర్పు చెప్పి పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. నవ్వాను కానీ ఆ మాట ఇంటికొచ్చాక కూడా గుచ్చుతూనే ఉంది.

ఈ వైను పేరు అతనికి మొదటి రోజే నచ్చలేదు. వెల్ట్‌లీనర్ అని చెప్తే 'వెల్ట్ లీడర్' అన్నాడు. "ఉన్న లీడర్లు చాలరని ఇంకో లీడరా మేడం?" గ్రూనర్ అంటే వాళ్ళ భాషలో పచ్చ అని చెప్పాను. "ఏ పచ్చ మేడం? పసుపుపచ్చనా, ఆకుపచ్చనా? బయట రంగులు చూసి మాట్లాడే రోజులు," అన్నాడు. ఆకుపచ్చే అన్నాక శాంతించాడు.

తర్వాత మూత గొడవ. గోవా మేనేజరు ఉన్నన్నాళ్ళూ మాకు నేర్పిన విద్య ఒకటే, బిరడా తీయడం. అతిథి పక్కన నిలబడి, సీసా పేరు కనబడేలా పట్టుకుని, మర తిప్పి, చప్పుడు కాకుండా బిరడా లాగి, దాన్ని చిన్న పళ్ళెంలో పెట్టి చూపించాలి. నేను దీన్ని కుర్రాళ్ళందరి చేతా సాధన చేయించాను. తీరా పెట్టె విప్పి చూస్తే ఒక్క సీసాకీ బిరడా లేదు. దగ్గుమందు సీసాకి ఉన్నట్టు తిప్పే మూత.

"మోసం చేసిండ్రు మేడం," అన్నాడు కెప్టెన్. "గిది సోడాబుడ్డి."

నాకూ అదే అనుమానం. సరఫరా చేసినవాడికి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అతను ఓపిగ్గా విని, ఆ దేశంలో మంచి వైన్లు కూడా అలాగే వస్తాయి మేడం అన్నాడు. నమ్మక జనరల్ మేనేజరు దగ్గరికి తీసుకెళ్తే ఆయనా అదే చెప్పారు. పళ్ళెంలో పెట్టి చూపించడానికి ఏమీ లేదని కుర్రాళ్ళు దిగులుపడ్డారు. మూతే పెట్టి చూపిద్దామా అని ఒకడు అడిగాడు.

ఇక రుచి. ఈ ద్రాక్ష గురించి ఎక్కడ చదివినా నాలుగు మాటలే: తెల్ల మిరియం, పచ్చి బఠాణీ, నిమ్మతొక్క, తడి రాయి. మొదటి మూడూ మా వంటింట్లో ఉన్నాయి. పళ్ళెంలో వేసుకుని, ఒకటి వాసన చూడటం, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి స్టీలు బేసిన్‌లో ఉమ్మేయడం. మిరియం మొదటిసారే దొరికింది. చారులోకి మిరియాలు దంచేటప్పుడు రోట్లోంచి ముక్కుకి తగిలే ఘాటు ఉంటుందే, అది. బఠాణీ కొంచెం ఆలస్యంగా దొరికింది. తడి రాయి దగ్గర ఆగిపోయాం.

"తడి రాయి రుచి ఎవలు చూసిండ్రు మేడం?" అన్నాడు కెప్టెన్. అతను ఉమ్మేసేవాడు కాదు. ఉమ్మేయడం దాన్ని చేసినోళ్ళని అవమానించినట్టు అనేవాడు. "జర సోడా కలిపితే ఇంక మంచిగుంటది," అని కూడా అన్నాడు. నేను కోప్పడ్డాను.

ఆ సాయంత్రం వాన పడింది. మా హోటలున్న రాయదుర్గం వైపు అప్పటికి ఇన్ని అద్దాల మేడలు లేవు. మా హోటలు వెనక ఇంకా పేల్చని పెద్ద పెద్ద బండలుండేవి. వాన వెలిశాక నేనూ కెప్టెనూ వెనక గేటులోంచి వెళ్ళి ఒక బండ మీదికి వంగి వాసన చూశాం. ఎండకి కాలి, అప్పుడే తడిసిన రాయి. యూనిఫారం పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేను, కోటు విప్పి భుజాన వేసుకుని అతను. సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చి "ఏమైంది మేడం, గ్యాస్ లీకైందా?" అన్నాడు. కాదు, రాయి వాసన చూస్తున్నాం అన్నాను. అతను మా ఇద్దరి ముఖాలూ చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. కానీ లోపలికొచ్చి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే, చివర్న, మిరియం వెళ్ళిపోయాక, ఆ బండ ఉంది. ఆ రోజు నాకు ఈ వైను మీద మొదటిసారి గౌరవం కలిగింది. ఎక్కడో చలిదేశంలో పండిన కాయలోకి మా రాయదుర్గం వాన ఎలా వచ్చిందో మరి.

ఇంట్లో సంగతి వేరే. మొదటిరోజే మా అత్తగారు గుమ్మంలో ముక్కు ఎగబీల్చింది.

"ఏంటమ్మాయ్ ఆ వాసన?"

ఉన్నమాట చెప్పాను. తాగను, నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను, అదే ఉద్యోగం అన్నాను.

"ఉమ్మేసేదానికి జీతమిస్తున్నారా?" అంది. తర్వాత రెండు లవంగాలు తెచ్చి చేతిలో పెట్టి, "వాడొచ్చేలోపు నమిలెయ్," అంది. అంతే. ఆ తర్వాత రోజూ గుమ్మం పక్కన గూట్లో లవంగాలు సిద్ధంగా ఉండేవి.

ఈ వైను పక్కన ఏం తింటే బాగుంటుందో తేల్చడం కూడా నా పనే. మెనూలో చేప, ఆస్పరాగస్ అని విదేశీ కాడలు, జున్నులాంటి చీజూ రాసుకున్నాం. అయినా నాకు నమ్మకం కుదరక, తెరిచిన సీసాలో మిగిలింది ఒక మంచినీళ్ళ బాటిల్లో పోసుకుని ఇంటికి తెచ్చాను. మన వంటలతో వాసన చూసుకుందామని. దాన్ని ఫ్రిజ్ తలుపులో పెట్టడం నా తెలివితక్కువ.

శనివారం మధ్యాహ్నం మా ఆయన భోజనానికి కూర్చున్నారు. మిరియాల చారు, చిక్కుడుకాయ కూర, కారం దట్టించిన దొండకాయ వేపుడు. నేను అప్పడాలు వేయించి తెచ్చేసరికి ఆ బాటిల్లోంచి గ్లాసు నిండా పోసుకుని సగం తాగేశారు.

"ఈ నీళ్ళేంటి, పుల్లగా ఉన్నాయి? నిమ్మకాయ పిండావా?"

మా అత్తగారు గ్లాసు అందుకుని వాసన చూసింది. నా ముఖం చూసింది. గ్లాసు మళ్ళీ కొడుకు ముందు పెట్టింది.

"నేనే పిండమన్నానురా. ఎండలు కదా, కడుపుకి మంచిది."

"బాగుంది," అన్నారాయన. "చారు మీద తాగితే ఇంకా బాగుంది. వేపుడు మీద మాత్రం కొంచెం చేదు తగులుతోంది. నిమ్మగింజ పడిందేమో చూడు." మిగతా సగం కూడా తాగి, చారు మరోసారి పోయించుకుని, వెళ్ళి పడుకున్నారు. నిద్రలేచాక చాలా సంతోషంగా కీర్తన పాడుకుంటూ పరీక్ష పేపర్లు దిద్దారు. ఆ రోజు పిల్లలకి మార్కులు కూడా బాగానే పడ్డాయట.

వంటింట్లో అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పకు. చెప్తే ఆదివారం సంఘంలో అందరి ముందూ లేచి నిలబడి సాక్ష్యం చెప్తాడు. ఆ తర్వాత మనిద్దరం ఇల్లు మారాల్సొస్తుంది."

చెప్పలేదు. కానీ నాకు కావలసిన సమాచారం దొరికింది. చారు సరే, వేపుడు వద్దు. పులుపుకీ మిరియానికీ ఈ వైను భయపడదు, ముదురు కారానికి ముడుచుకుంటుంది. అంతవరకు ఏ మాస్టారూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు.

భోజనం రోజు వచ్చింది. పొద్దున్నే టీవీ పెడితే ఆ రోజు రోడ్ల మీద వంటా వార్పు. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు కాబట్టి చెప్తున్నాను. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తి కూర్చుని తినేవాళ్ళు. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. అదొక రకం నిరసన. నేను ఉద్యోగులతో కలిసి తెల్లవారకముందే హోటలు వ్యానులో వచ్చేశాను కాబట్టి లోపల ఉన్నాను. జనరల్ మేనేజరు దారిలో ఆగిపోయారు. విమానాశ్రయం నుంచి రావలసిన చేపా, ఆ కాడలూ, చీజూ కూడా దారిలోనే ఆగిపోయాయి. మా చెఫ్‌దీ, విందు ఇస్తున్న కంపెనీవాళ్ళదీ అదే కథ. కెప్టెన్ జ్వరం అని ముందు రోజే సెలవు చెప్పాడు. వంటింట్లో ఉన్నది ఇద్దరు సహాయకులు, బోలెడు బ్రెడ్డు.

అతిథికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆయన దిగింది మా హోటల్లోనే. లిఫ్టులో కిందికి వస్తే చాలు. తెల్లజుట్టు, ఎర్రటి ముఖం, పెద్ద శరీరం, మాట తక్కువ. ఆయన వెంట కంపెనీ తరఫున ఏర్పాట్లు చూస్తున్న అబ్బాయి, భీమవరం వైపువాడు, రాత్రి హోటల్లోనే ఉండిపోయాడు. నన్ను పక్కకి పిలిచి, "ఏవండీ, ఏదోటి చెయ్యండి. ఈయన సంతకం పెట్టకుండా వెళ్ళిపోతే నేను మా ఊరెళ్ళి రొయ్యల చెరువు చూసుకోవాలండి," అన్నాడు.

అతిథి కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. హోటలు ముందు రోడ్డు మీదే వరసగా పొయ్యిలు. పెద్ద పెద్ద గిన్నెలు, పొగ, పాటలు. "అక్కడ ఏం వండుతున్నారు?" అని అడిగాడు. ఆయన నోటినుంచి వచ్చిన మొదటి ప్రశ్న అదే. ఉండండి కనుక్కుని వస్తాను అన్నాను. మాట అలా వచ్చేసింది. వచ్చేశాక లిఫ్టులో నిలబడి ఆలోచించాను, ఇప్పుడు నేను ఏం చేయబోతున్నానని.

గేటు తెరిపించుకుని రోడ్డు మీదికి నడిచాను. హోటలు యూనిఫారం పట్టుచీర, కొప్పు, పూలు, ఛాతీ మీద పేరు పలక. జనం దారి ఇచ్చారు, ఎందుకంటే ఎవరికీ నేనెవరో అర్థం కాలేదు. మధ్యలో అన్నిటికన్నా పెద్ద గిన్నె దగ్గర, చొక్కా చేతులు మడిచి, కండువా తలకి చుట్టి, తెడ్డంత గరిటెతో కలుపుతున్న మనిషి తలెత్తాడు. మా కెప్టెన్.

"జ్వరం ఎలా ఉంది?" అన్నాను.

ఒక్క క్షణం గరిటె ఆగింది. "చెమట పట్టింది మేడం. ఇడిసింది," అన్నాడు.

పక్కన వంట పెత్తనం చేస్తున్న పెద్దావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఎవలు బిడ్డా నువ్వు? పెండ్లికెళ్ళి వస్తున్నవా?"

"మా మేడం, పెద్దమ్మా. మా హోటల్ల చేస్తది," అన్నాడు కెప్టెన్.

"ఏ ఊరు మీది?"

చుట్టూ మాటలు తగ్గినట్టు అనిపించింది. నేను నోరు తెరిచేలోపు కెప్టెన్ గరిటె తిప్పుతూనే, "బాలానగర్. మనోళ్ళే," అన్నాడు. మామూలుగా, ఉప్పు సరిపోయింది అన్నట్టు. క్యాంటీన్లో అన్న మాట అతనికి గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం గుర్తుంది. వచ్చిన పని అడిగాను.

"పెద్దమ్మా, పైన దూరదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. భోజనానికి తెప్పించిన సామాను దారిలో ఆపేశారు. మీ దగ్గర కొంచెం ఉంటే..."

"ఎవలు ఆపిండ్రు?"

"మీరే."

ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వితే చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ రోజు అక్కడ వండినవి అన్నం, పప్పు, వంకాయ కూర, ఇంకా పచ్చి పులుసు. పచ్చి పులుసు అంటే చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, వేయించిన నువ్వుల పొడి కలిపేది. పొయ్యి మీద పెట్టరు. ఒక చుక్క అరచేతిలో వేయించుకుని వాసన చూశాను. పులుపు ఉంది, పచ్చి వాసన ఉంది, కారం మరీ ముదరలేదు. నాకు మా ఆయన గ్లాసు గుర్తొచ్చింది.

"పెడ్తం. కానీ ఒక్క మాట," అంది పెద్దావిడ. "మేం రోడ్డు మీద ఎందుకు వండుతున్నమో తినెటోనికి చెప్పాలె. ఉత్తగ తిని పోతే కాదు."

ఒప్పుకున్నాను. పచ్చి పులుసు గిన్నె కెప్టెన్ ఎత్తుకున్నాడు, మిగతావి గేటు దగ్గరున్న మా హోటలు కుర్రాళ్ళు. లిఫ్టు దిగి గిన్నె దించగానే అతను కండువా తీసి జేబులో పెట్టుకుని, బార్లో గోడకి తగిలించి ఉన్న కోటు వేసుకున్నాడు. చేతులకి మసి అలాగే ఉంది.

తెల్లటి బట్ట పరిచిన బల్ల మీద విస్తళ్ళు వేశాం. అవి కూడా రోడ్డు మీంచి వచ్చినవే. నేను సీసా చూపించి, రోజుల తరబడి సాధన చేసిన పేరు చెప్పాను. "గ్రూనర్ వెల్ట్‌లీనర్."

"ఫెల్ట్‌లీనర్," అన్నాడాయన. వాళ్ళ భాషలో ఆ అక్షరం అలా పలుకుతారట. నా సాధనంతా మొదటి అక్షరంలోనే పోయింది. మూత తిప్పి తీశాను, వంచి పోశాను. ఆయన పచ్చి పులుసు అన్నంలో కలుపుకుని చెంచాతో ఒకసారి తిన్నాడు. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. చెంచా పక్కన పెట్టేశాడు. భీమవరం అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెంచా పెట్టింది చేత్తో తినడానికి.

నాలుగు ముద్దలయ్యాక ఆయనే మొదలుపెట్టాడు. "మా ఊళ్ళో టూరిస్టులకి దీన్ని సన్నటి గ్లాసులో పోసి పెద్ద పెద్ద మాటలు చెప్తాం. ఇంట్లో మాత్రం నీళ్ళ గ్లాసులో పోసుకుని సోడా కలుపుకుంటాం."

కెప్టెన్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మాట ఇచ్చాను కాబట్టి రోడ్డు సంగతి చెప్పించాల్సి వచ్చింది. ఆ పని భీమవరం అబ్బాయి మీద పడింది. పాపం, ఉద్యోగం కోసం వచ్చిన కోస్తా అబ్బాయి, తెలంగాణ ఎందుకు కావాలో ఇంగ్లీషులో వివరిస్తుంటే, వెనక నిలబడి కెప్టెన్ తెలుగులో తప్పులు దిద్దుతున్నాడు. "నీళ్ళ సంగతి చెప్పలే సార్. కొలువుల సంగతి గూడ ఇడిసిపెట్టిండ్రు." "చెప్తున్నానండి, వస్తున్నానండి," అంటూ అబ్బాయి చెమటలు తుడుచుకున్నాడు. చివరికి, ఎవరూ అడగకుండానే, "వాళ్ళు చెప్పేదాంట్లో కొంత న్యాయం ఉందండి," అని తెలుగులో మాతో అన్నాడు.

ఆస్ట్రియా పెద్దాయన అంతా విన్నాడు. "మాది ఒకప్పుడు పెద్ద రాజ్యం," అన్నాడు. "ముక్కలైంది. మా తాతలు చాలా బాధపడ్డారు. మా నాన్నలు కొంచెం బాధపడ్డారు. మేం సరిహద్దు దాటి వెళ్ళి అవే వంటలు తిని వస్తుంటాం." వంకాయ కూర మళ్ళీ అడిగాడు.

తర్వాత ఆయన ఇంకో గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. నాకు పెట్టిన గౌరవం అది. బల్ల కింద భీమవరం అబ్బాయి కాలు నా కాలికి తగిలింది. తాగండి అని దాని అర్థం. ఆ ఒక్క గుక్కలో మా హాలు ఉంది, పదిమంది ఉద్యోగాలు ఉన్నాయి. ఇంట్లో చారు గిన్నె ముందు మా అత్తగారు ఉంది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాను, వాసన చూశాను, మళ్ళీ పెట్టేశాను.

"క్షమించండి. నేను తాగను. ఇంతవరకు వాసన చూశాను, నోట్లో పోసుకుని ఉమ్మేశాను. మింగలేదు."

"మరి దీని పక్కన ఈ పులుసు బాగుంటుందని ఎలా తెలిసింది?"

"మా ఇంట్లో ఒకరు పొరపాటున తాగారు," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. అంత పెద్ద శరీరం నవ్వితే బల్ల కదిలింది. "మా అమ్మ కూడా ముట్టదు," అన్నాడు. "తోటంతా ఆవిడ చేతి మీదే నడిచింది. పీపా పక్కన నిలబడి వాసన చూసి, ఇది బాగుంది, అది పోయింది అని చెప్పేసేది." నా గ్లాసు తను తీసుకుని, జగ్గులోంచి నాకు మంచినీళ్ళు పోసి, దానికి తన గ్లాసు తాకించాడు.

సరిగ్గా అప్పుడు మా జనరల్ మేనేజరు వచ్చారు. కారు వదిలేసి నడిచి వచ్చినట్టున్నారు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. గుమ్మంలో నిలబడి చూశారు. తెల్లబట్ట మీద మసి గిన్నెలు. విస్తళ్ళు. మోచేతి దాకా పచ్చి పులుసుతో క్లయింటు.

"ఇదేం మెనూ?" అన్నారు మెల్లిగా.

"లోకల్ మెనూ సార్."

"ఇతనికి జ్వరం కదా?"

"ఇడిసింది సార్," అన్నాడు కెప్టెన్.

పెద్దాయన కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమన్నాడు. కూర్చున్నారు. ఎంత ఆకలి మీదున్నారో, విస్తరి వేసేదాకా కూడా ఆగలేదు. తిన్నాక మాత్రం, రోడ్డు మీది తిండి లోపలికి తేవడం ఎన్ని నిబంధనలకి విరుద్ధమో నాకు వివరంగా చెప్పారు. మధ్యలో పులుసు మళ్ళీ వేయించుకున్నారు.

పెద్దాయన ఆ వారం సంతకం పెట్టాడు. పచ్చి పులుసు చూసి పెట్టాడని నేననను, ఆ లెక్కలు వేరే ఉంటాయి. మా రెస్టారెంటు మాత్రం మూతపడలేదు. భీమవరం అబ్బాయి రొయ్యల చెరువుకి వెళ్ళలేదు. మిగిలిన గ్రూనర్ సీసాలు చాలాకాలం బార్లో ఉన్నాయి. తెలిసినవాళ్ళు అడిగేవాళ్ళు కాదు, తెలియనివాళ్ళు పేరు పలకలేక వేరేది చెప్పేవాళ్ళు. కెప్టెన్ ఓపిగ్గా ఒక్కొక్కరికీ పరిచయం చేసి ఖాళీ చేయించాడు, కొందరికి సోడాతో.

ఆ మధ్యాహ్నం అందరూ లేచాక గిన్నెలు కడిగించాను. మిగతావి కుర్రాళ్ళకిచ్చి, పులుసు గిన్నె నేనే తీసుకుని కిందికి వెళ్ళాను. జనం ఇంకా పంక్తుల్లో కూర్చుని తింటున్నారు. పెద్దావిడ గిన్నె అందుకుని లోపల చెయ్యి పెట్టి చూసుకుంది, సరిగ్గా తోమామో లేదోనని.

"చెప్పినవా ఆయనకు?"

"చెప్పాం. అంతా విన్నాడు."

"ఏమన్నడు?"

"వాళ్ళ రాజ్యమూ ముక్కలైందట. తిండి మాత్రం అందరూ అదే తింటారట."

"మంచిగనే చెప్పిండు. పులుసుల ఉప్పు సరిపోయిందన్నడా?"

"మళ్ళీ మళ్ళీ పోయించుకున్నాడు."

"మరి నువ్వు తిన్నవా బిడ్డా?"

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నుంచి నేనేమీ తినలేదని. నా ముఖం చూసి ఆవిడకి తెలిసిపోయింది. ఇంకేం అడగకుండా ఒక విస్తరి తెచ్చి పంక్తి చివర రోడ్డు మీద వేసింది. చీర నలుగుతుందని ఒక్క క్షణం వెనకాడాను. పక్కన కూర్చున్నాయన ముద్ద నోట్లో పెట్టుకుంటూనే కొంచెం జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.